ఎర్రదారం కట్టిన చక్రాలు

యాత్ర మొదటి రోజు హాల్లో గుండ్రంగా ఇరవై నాలుగు కుర్చీలు వేశారు. ఒక్కో కుర్చీ వీపుకి ఒక్కో కాగితం అతికించి, అందులో కూర్చోవలసినవాళ్ల పేరు పెద్ద అక్షరాలతో రాశారు. చువ్వ తన కుర్చీ వెతుక్కుంది. కాగితం మీద తన పేరును వేలితో ఒకసారి తడిమింది. కూర్చుందో లేదో, గుమ్మం దగ్గర నుంచి యాత్ర నడిపే విజిల్ మేడం చెయ్యి ఊపింది.

"ఒక్క నిమిషం రామ్మా. పెరట్లో ఎవరిదో సైకిల్ చైన్ పడిపోయింది. నీకైతే చిటికెలో పని."

ఆ ఒక్క నిమిషం పదకొండు సైకిళ్లయింది. లారీలో ఒకదాని మీద ఒకటి పడేసి తెచ్చినవాటికి చైన్లు పడిపోవడం ఒక్కటేనా, హ్యాండిళ్లు తిరిగిపోయాయి, బ్రేకు తీగలు ఊడిపోయాయి, రెండు చక్రాలైతే వంకర్లు తిరిగి కుంటుతున్నాయి. లోపలి నుంచి చప్పట్లు వినిపించాయి. ఒకరి తరవాత ఒకరు లేచి, మాది ఫలానా దేశం, నాకు ఫలానాది ఇష్టం అని చెప్పుకుంటున్నారు. ఒక్కో పరిచయానికీ ఒక్కో చప్పట్ల మోత. చువ్వ లెక్కపెట్టింది. ఇరవై మూడు మోతలు.

చేతులు కడుక్కుని ఆమె లోపలికి వెళ్లేసరికి తన కుర్చీ మీద ఎవరివో నాలుగు సంచులు, ఒక గొడుగు ఉన్నాయి. వాటిని కింద పెట్టి కూర్చోవచ్చు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. మొదటి రోజే నోరు పారేసుకుంటే రేపు ఎవరు పలకరిస్తారు? అయినా ఒక్క పూటేగా అనుకుంది.

అదీ మొదలు.

చువ్వ అన్నది మేనమామ పెట్టిన పేరు. సన్నగా, నిటారుగా, వంచితే టంగుమని తిరిగి నిలబడేలా ఉంటుందని. పదో తరగతి అవగానే అమ్మ వెంటబెట్టుకుని వెళ్లి మేనమామ సైకిల్ కొట్లో వదిలింది. బస్టాపు ఎదురుగా పది అడుగుల కొట్టు. బయట గాలి పంపు, లోపల చూరుకి వేలాడే టైర్లు, పంక్చరు చూసే నీళ్ల తొట్టి, ఎప్పుడూ ట్యూబులు అతికించే సొల్యూషన్ వాసన. తోటిపిల్లలు పై చదువులకి పోతూ గాలి కొట్టించుకోవడానికి అక్కడే ఆగేవాళ్లు. మొదటి రెండేళ్లూ వాళ్లు వస్తుంటే వెనక్కి తిరిగి టైర్లు సర్దేది. మూడో ఏటికి ఆ సిగ్గు పోయింది. చక్రం అవుట్ తీయడంలో ఆ చుట్టుపక్కల ఆమెని మించినవాళ్లు లేరని మామయ్యే ఒప్పుకున్నాడు.

అవుట్ తీయడమంటే, వంకర తిరిగిన చక్రాన్ని తలకిందుల సైకిల్ మీద తిప్పుతూ, ఎక్కడ బ్రేకు రబ్బరుకి రాసుకుంటుందో చూసి, ఆ వైపు పుల్లని, అంటే చక్రం నడుమ నుంచి అంచుకి పోయే సన్న కమ్మీని, పావు చుట్టు వదిలి, దాని ఎదుటి పుల్లని పావు చుట్టు బిగించడం. ముప్పై ఆరు పుల్లల్లో ఏది ఏడుస్తోందో ఏది బిగుసుకుపోయిందో చెవితో వినాలి. ఆ కొట్లో ఒక ఆనవాయితీ ఉంది. అవుట్ తీసిన చక్రానికి, గాలి ఎక్కించే వాల్వు పక్క పుల్లకి, పనిచేసినవాళ్లు తమ రంగు దారం మూడు చుట్లు చుట్టి ముడేస్తారు. మామయ్యది నల్లదారం. చువ్వది ఎర్రది. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్ల అంచున వార్డు గుర్తు కుట్టే ఎర్రదారం ఉండల్లో మిగిలిన ముక్కలు తెచ్చి ఇచ్చేది.

"దారం ఉంటే మాట ఉన్నట్టే," అనేవాడు మామయ్య. "ఆ చక్రం మళ్లీ వంకరపోయి వస్తే, ఎన్నాళ్లయినా సరే, మారుమాట్లాడకుండా ఊరికే చేసిపెట్టాలి. దారం పోతే మాట పోయినట్టు."

బాగుచెయ్యడం వచ్చాక చువ్వకి ఇంకో పిచ్చి పట్టింది. ఈ చక్రాన్ని అసలు ఎవరు గీస్తారు? ముప్పై ఆరే ఎందుకు, ముప్పై రెండు ఎందుకు కాదు? మెయిన్ రోడ్డు మీదున్న యంత్రవిద్య సంస్థలో రెండేళ్ల కోర్సు చేస్తే అవన్నీ చెబుతారు. వెళ్లి అడిగితే కిటికీలోని గుమాస్తా, పన్నెండో తరగతి లేదు కాబట్టి ఫారం కూడా ఇవ్వనన్నాడు. ఆమె దిగాలుగా మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచి, గోడ మీద అంటించిన నోటీసు చూపించాడు. అంతర్జాతీయ యువజన వినిమయ యాత్ర. సైకిళ్ల మీద నాలుగు దేశాలు, నలభై రోజులు. పొద్దున తరగతులు, మధ్యాహ్నం ప్రయాణం. పూర్తిగా పాల్గొన్నట్టు సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకి ఆ సంస్థలో చదువు అర్హత సడలించి ఏటా ఒక సీటు.

"పోతే నలభై రోజులు పోతాయి. వస్తే బతుకు మారుద్ది," అన్నాడు గుమాస్తా.

ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. ప్రపంచశాంతి గురించి ఏమనుకుంటున్నావని ఒకాయన అడిగితే చువ్వకి నోరు పెగల్లేదు. మెడలో విజిల్ వేసుకున్నావిడ, యాత్ర నడిపేది ఆవిడే, అడిగింది: "ఏం పని చేస్తుంటావమ్మా?" చెప్పింది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంత సంబరపడ్డారో! ఒకాయన అయితే చేతులు చూపించమన్నాడు. గోళ్ల సందుల్లో నలుపు చూసి, "ఇలాంటివాళ్లే రావాలండీ యాత్రకి," అన్నాడు. ఆ సంబరం తన కోసమే అనుకుని చువ్వ ఇంటిదాకా సైకిల్ తొక్కలేదు, ఎగిరింది.

"నిన్ను చూసి అంత మురిసిపోయారంటే నాకెందుకో అనుమానంగా ఉందే," అన్నాడు మామయ్య, పంపు కొడుతూ. "అమ్మేవాడు నవ్వితే పర్లేదు. కొనేవాడు నవ్వితేనే చూసుకోవాలి."

"నీకు మేనకోడలు వెళ్లిపోతే పంక్చర్లు వేసేదెవరని దిగులు మామయ్యా!"

"అదీ ఉందనుకో," అని ఒప్పుకున్నాడాయన.

యాత్రలో రెండో రోజుకి ఆమెకి విషయం తెలిసింది. సామాన్ల లారీలో పెద్ద పనిముట్ల పెట్టె ఉంది. స్పానర్లు, పుల్లలు బిగించే తాళం, కొత్త ట్యూబులు అన్నీ ఉన్నాయి. డ్రైవరన్న పక్క సీటు ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారన్నా?"

"ప్రతి ఏడూ మెకానిక్కు కూర్చుంటాడమ్మా. ఈసారి అక్కర్లేదన్నారు." డ్రైవరన్న ఆమె వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. "మనకెందుకులే."

యాత్రలో అందరికీ ఒక చిన్న నీలం పుస్తకం ఇచ్చారు. ముప్పై తరగతులకి ముప్పై గళ్లు. తరగతి అయిపోగానే ఒక ముద్ర. ఇరవై ముద్రలుంటే సర్టిఫికెట్. మిగతావాళ్లు భోజనాల దగ్గర పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని ముద్రలు పోల్చుకునేవాళ్లు. చువ్వ పుస్తకంలో మొదటి వారం రెండే పడ్డాయి. ఆ రెండూ వాన పడి పెరట్లో పని ఆగిపోయిన రోజులవి.

వారం తిరిగాక ధైర్యం చేసి అడిగింది. "మేడం, నా పుస్తకం..."

"అయ్యో, దాని గురించి బెంగెందుకు! నువ్వు మాకోసం చేస్తున్నదే కదా. చివర్లో అన్నీ కలిపి వేసేద్దాంలే." విజిల్ మేడం భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వే లేకపోతే మేమంతా ఏమైపోయేవాళ్లమో!"

ఆ మాటలో వెటకారం లేదు. ఆవిడకి నిద్ర లేదు, సరిహద్దుల దగ్గర కాగితాల గోల, జ్వరాలు వచ్చినవాళ్ల గోల, ఎవరో ఒకరి పెట్టె పోయిన గోల. నిజంగానే చువ్వ ఆవిడకి ఊపిరి. కాబట్టే ఆ పొగడ్తకి ఎదురు చెప్పడం మరీ కష్టమైంది. తిట్టినవాడితో పోట్లాడొచ్చు. "నువ్వే లేకపోతే" అన్నవాళ్లతో ఏం పోట్లాడతావు?

రెండో దేశంలో ఒక స్కూలు వెనక వాళ్ల బస. పెరట్లో సిమెంటు గచ్చు, ఒక కుళాయి, తరగతులు జరిగే ఆటలగది కిటికీ. ఆ కిటికీ పక్కనే చువ్వ సైకిళ్లు తలకిందులు చేసి వరసగా నిలబెట్టేది. తరగతి కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా వినపడేది. దుబాసీ కుర్రాడు ఒక్కో వాక్యాన్నీ మూడు భాషల్లోకి తిప్పుతుంటే, తన భాష వంతు వచ్చేసరికి ఆమె పంపు ఆపేది. ఒకరోజు అలా ఆపినప్పుడు వినపడింది: "శ్రమకి గౌరవం ఇవ్వని సమాజం ఎదగదు. ఈ విషయం మీద ఇప్పుడు నాలుగు గుంపులుగా కూర్చుని చర్చిద్దాం."

చువ్వకి నవ్వొచ్చింది. ఒంటరిగా, చేతిలో గ్రీజు గుడ్డతో, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకి కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. వేరే దేశం పిల్ల, నర్సు చదువు చదువుతోంది. నర్సమ్మాయి అనే పిలిచేవాళ్లందరూ. ఇద్దరికీ కలిసిన భాష అరకొర. దుబాసీ కుర్రాణ్ణి లాక్కొచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నావని అడుగుతోంది," అన్నాడు దుబాసీ.

"గౌరవం ఇస్తున్నారటగా, నా వాటా కిటికీలోంచి పారెయ్యమను."

దుబాసీ దాన్ని తిప్పాడు. నర్సమ్మాయి నవ్వలేదు. కిటికీ ఎక్కి పెరట్లోకి దూకింది. ఆ గంటంతా కూర్చుని, పుల్లలు ఎలా బిగించాలో నేర్చుకుంది. పోతూ పోతూ వాల్వు పక్క చువ్వ కట్టిన ఎర్రదారాన్ని చూపించి ఇదేంటని సైగ చేసింది. చువ్వ తన గుండె మీద చెయ్యి పెట్టి, తరవాత నోటి మీద పెట్టింది. మాట అని. ఆ పిల్లకి అర్థమైంది. తరగతిలో కూర్చోనందుకు ఆ రోజు నర్సమ్మాయికీ ముద్ర పడలేదు. ఆ పిల్ల మర్నాడు వెళ్లి గట్టిగా అడిగి వేయించుకుంది. చువ్వ అది చూసింది. నేనూ అలా అడగొచ్చు కదా అనుకుంది. కానీ ఆ పిల్లకి ముద్ర పోతే ముద్రే పోతుంది. తనకి సీటే పోతుంది. అడిగి కోపం తెప్పిస్తే ఆ చివర్లో కలిపి వేసేవి కూడా వెయ్యరేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మూడో దేశంలో కొండదారి. పదిహేను మైళ్ల దిగుడు, మలుపు మీద మలుపు. అది దిగే ముందురోజు పొద్దున యంత్రవిద్య సంస్థ ప్రిన్సిపాల్ గారు ప్రత్యేకంగా వచ్చి యాత్రలో ఉన్నవాళ్లతో మాట్లాడతారని చెప్పారు. ఆయన తన సంస్థ గురించి చెప్పి, ఆసక్తి ఉన్నవాళ్ల పేర్లు రాసుకుంటారట. చువ్వ తెల్లారకముందే లేచి, ఉతికిన చొక్కా వేసుకుని, గోళ్లు బ్రష్షుతో రుద్దుకుంది. కాఫీ దగ్గర విజిల్ మేడం పట్టుకుంది.

"తల్లీ, రేపు దిగుడు. ఒక్క బ్రేకు తెగినా నాకు బతుకుండదు. అన్నీ ఒకసారి చూడవూ?"

"ఇవాళ ప్రిన్సిపాల్ గారు..."

"నేను చెప్తాగా నీ గురించి ఆయనకి! నేనే స్వయంగా చెప్తాను."

నలభై ఎనిమిది చక్రాలు, నలభై ఎనిమిది బ్రేకులు. కాదని వెళ్లి కూర్చోవచ్చు. కానీ రెండో వరసలోని ఎర్ర సైకిల్ వెనక బ్రేకు తీగ అప్పటికే పోగులు విడిపోయి, వెంట్రుక మీద ఆగినట్టుంది. అది ముందురోజు ఆమె చూసింది. చూశాక వెళ్లి కుర్చీలో ఎలా కూర్చుంటుంది? ఉతికిన చొక్కా విప్పి, పాత చొక్కా తొడుక్కుంది.

మర్నాడు ఇరవై నలుగురూ కేరింతలు కొడుతూ కొండ దిగారు. ఒక్కళ్లకి మోకాలి చిప్ప కూడా గీసుకోలేదు. కింద అందరూ వరసగా నిలబడి ఫొటోలు దిగుతుంటే, యాత్ర ఫొటోలు తీసే ఆయన చువ్వని విడిగా పిలిచాడు. ఆమె కుళాయి వైపు వెళ్లబోయింది.

"వద్దు వద్దు, చేతులు కడక్కు. అలాగే ఉంటేనే బాగుంది. ముందుకి చాపు."

చాపింది.

నాలుగో దేశంలో ఆఖరి రోజు నీలం పుస్తకాలు తీసుకున్నారు. చువ్వ పుస్తకంలో తొమ్మిది ముద్రలు. సాయంత్రం సభలో ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆమె పేరు చివర్న పిలిచారు. అందరికన్నా పెద్ద చప్పట్లు ఆమెకే. చేతిలో పెట్టిన కాగితం మీద ఇలా ఉంది: యాత్రకు సహాయకురాలిగా అందించిన సేవలకు కృతజ్ఞతలు.

ఇంటికొచ్చాక అమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"బాగానే రాశారుగా, కృతజ్ఞతలని?"

"అమ్మా, దీనికి సీటు రాదే."

అమ్మ కాగితాన్ని మడిచింది. లాండ్రీలో దుప్పటి మడిచినట్టు, అంచుకి అంచు కలిపి, నాలుగు మడతలు. "మరి నలభై రోజులు నువ్వు అక్కడ ఎవరివి?" అని అడిగింది.

దరఖాస్తు గడువు ఇంకా పన్నెండు రోజులుంది. మామయ్య కొట్టుకి తాళం వేశాడు. ఎప్పుడూ వెయ్యని మనిషి. ఇద్దరూ యాత్ర కమిటీ ఆఫీసుకి వెళ్లారు. కార్యదర్శి మర్యాదస్తుడు. కుర్చీలు చూపించాడు, టీ తెప్పించాడు. పక్కన విజిల్ మేడం కూర్చుని ఉంది.

"పుస్తకంలో తొమ్మిదే ఉన్నాయి కదమ్మా," అన్నాడు కార్యదర్శి.

"మిగతా రోజులు పెరట్లో సైకిళ్లు బాగుచేశానండీ. మేడం గారే పంపారు. చివర్లో ముద్రలు కలిపి వేస్తామన్నారు."

కార్యదర్శి ఆవిడ వైపు చూశాడు. విజిల్ మేడం మెడలో విజిల్ తాడుని వేలికి చుట్టుకుంటోంది. "ఎప్పుడో ఒకసారి అని ఉంటానేమోనండీ. నలభై రోజుల్లో ఎన్నో అంటాం. అప్పుడప్పుడూ సాయం చేసింది, కాదనను. కానీ అన్ని రోజులూ అంటే..."

"చేశావనడానికి ఏమైనా రుజువుందా?" అన్నాడు కార్యదర్శి.

చువ్వ మొహం వెలిగిపోయింది. రుజువా! ఇంతకాలం తనకా ఆలోచనే రాలేదు. "సైకిళ్లు మీ గోదాములోనే ఉన్నాయి కదండీ? రండి చూపిస్తాను."

మెట్లు దిగి గోదాములోకి వెళ్లారు. వాల్వు పక్క పుల్ల చూడమంది. ఎర్రదారం. పక్కదాంట్లో, ఎర్రదారం. కొట్టు ఆనవాయితీ ఏమిటో, దారం కడితే అర్థమేమిటో, ఎన్నాళ్లకి వంకరపోయి వచ్చినా ఎలా ఊరికే చేసిపెడతారో, అన్నీ గర్వంగా చెప్పింది. మామయ్య పక్కన నిలబడి మీసం దువ్వుకున్నాడు. కార్యదర్శి వంగి వంగి ఒక్కో చక్రమూ లెక్కపెట్టాడు. నలభై ఎనిమిదింట్లో నలభై ఒకటి.

"అద్భుతం!" అన్నాడు నడుము పట్టుకుని లేస్తూ. నిజంగానే మెచ్చుకున్నాడు.

పైకొచ్చి కుర్చీలో కూర్చుని, కాగితం మీద చాలాసేపు రాశాడు. తరవాత కళ్లజోడు తీసి చెప్పాడు.

"నీ మాట అక్షరాలా నిజమమ్మా. మరమ్మతు పనంతా నువ్వే చేశావు. రుజువైంది. అందుచేత నువ్వు సిబ్బంది కిందికి వస్తావు. సిబ్బందికి పాల్గొన్నవాళ్ల సర్టిఫికెట్ ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు."

గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఆ ఫ్యానుకీ కొంచెం అవుట్ ఉంది, ప్రతి చుట్టుకీ టక్కుమంటోంది.

ముందు తేరుకున్నది మామయ్యే. "సరేనండీ. సిబ్బందే అనుకుందాం. సిబ్బందికి జీతమిస్తారు కదా?"

"ఇస్తాం. కానీ ఈమె సంతకం చేసింది పాల్గొనేవాళ్ల ఫారం మీద."

"అంటే పని దగ్గర పనివాళ్లు, జీతం దగ్గర అతిథులు! బాగుందండీ ఏర్పాటు. ఈ కిటుకు తెలియక ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను. నేనూ ఒక కమిటీ పెట్టుకోవలసింది."

"పెద్దాయనా, మాటలు జాగ్రత్త."

"మా దగ్గరున్నవి అవేనండీ, జాగ్రత్తగానే వాడుకుంటున్నాం."

చివరికి మామయ్య పోరగా పోరగా కార్యదర్శి నిబంధనల పుస్తకం తిరగేసి ఒక దారి చూపించాడు. యాత్రలో ఉన్నవాళ్లలో సగంమంది, అంటే పన్నెండు మంది, ఆమెని తరగతుల నుంచి పనికి పిలిచారని రాసి పంపితే విషయం మళ్లీ విచారిస్తారు. అందుకోసం ఆమె ఒక్కదానికి సీటు గడువు వచ్చే యాత్ర పూర్తయ్యేదాకా పొడిగిస్తారు. వాళ్ల చిరునామాలు ఇవ్వండని చువ్వ అడిగింది. చిరునామాలు బయటపెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవన్నాడు.

బయటికొచ్చాక మామయ్య సైకిల్ ఎక్కలేదు. నడిపించుకుంటూ వచ్చాడు. చాలా దూరం వచ్చాక అన్నాడు: "ఆ దారం కట్టడం నేర్పింది నేనే కదే."

"నువ్వేం చేశావు మామయ్యా. చూపించింది నేను."

నర్సమ్మాయి చిరునామా ఒక్కటే చువ్వ దగ్గరుంది, ఒక చీటీ మీద రాసి దాచుకుంది. ఆ పిల్ల ఉత్తరం రాసింది, యాత్రలో తనకి తెలిసిన ఇద్దరితో రాయించింది. దుబాసీ కుర్రాడు రాశాడు గాని, అతను పాల్గొన్నవాడు కాదని పక్కన పెట్టారు. మూడు ఉత్తరాలు. ఏడు నెలలైనా మూడే.

ఏడో నెలలో బస్టాపు మీద పోస్టరు వెలిసింది. ఆ ఏడాది యాత్రకి దరఖాస్తులు పిలిచి చాన్నాళ్లయింది. ఇది విరాళాలు అడిగే పోస్టరు. దాన్నిండా రెండు చేతులు. గోళ్ల సందుల్లో నలుపు, అరచేతిలో గ్రీజు, ఎడమ బొటనవేలి మీద చైను కోసిన గీత. మొహం లేదు. కింద "పనిచేసే చేతులకు ప్రపంచాన్ని చూపిద్దాం" అనీ, ఒక ఫోను నంబరూ ఉన్నాయి. కొట్టు ముందు గాలి కొట్టించుకుంటున్న ఒకతను పోస్టరు చూసి, చువ్వ చేతులు చూసి, మళ్లీ పోస్టరు చూశాడు. డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

ఆ వారమే లారీ వచ్చింది. ఇరవై నాలుగు సైకిళ్లు. డ్రైవరన్న దిగి, తేలు కుట్టిన దొంగలా నిలబడి, కమిటీ పంపిన కాగితం ఇచ్చాడు. చువ్వ పైకి చదివింది. "మీ దుకాణం ఆనవాయితీ ప్రకారం, ఎర్రదారం గల నలభై ఒక్క చక్రాలను ఉచితంగా సరిచేసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము."

మామయ్య చేతిలో స్పానరు కిందపడింది. "ఎంత ధైర్యం! మన మాటతోనే మన మెడకి ఉరేస్తారా! తెంపెయ్యవే ఆ దారాలు! ఒక్కటి లేకుండా తెంపి మొహాన కొట్టు!"

"తెంపుతా మామయ్యా. పని అయ్యాక."

"పని చేస్తావా?!"

"చక్రాలు వంకరపోయి ఉన్నాయి. దారం ఉంది. మాటిచ్చింది నేను, వాళ్లు కాదు." ఒక సైకిల్ని తలకిందులు చేసి చక్రం తిప్పింది. "పైగా మళ్లీ ఆ కొండ దిగేది వీటి మీదే కదా. ఎక్కేవాళ్లు నాకేం ద్రోహం చేశారు?"

అయిదు రోజులు పట్టింది. ఒక్కో చక్రమూ ఎటూ ఊగకుండా నిటారుగా తిరిగేదాకా వదల్లేదు. సరిగ్గా వచ్చాక, అమ్మ ఇచ్చిన చిన్న కత్తెరతో వాల్వు పక్క ముడి కోసి, దారాన్ని ఖాళీ సొల్యూషన్ డబ్బాలో వేసింది. అలా నలభై ఒకటి. అమ్మ డ్యూటీ దిగి వచ్చి స్టూలు మీద కూర్చుని అదంతా చూసింది. "కొత్తవి కట్టవా?" అంది. తల అడ్డంగా ఊపింది చువ్వ.

డ్రైవరన్న సైకిళ్లు ఎక్కిస్తుంటే ఆమె అడిగింది. "ఈసారి నీ పక్క సీట్లో మెకానిక్కు ఉన్నాడా అన్నా?"

"లేడమ్మా." ఇంకో సైకిల్ని లారీలోకి నెట్టాడు. "వెల్డింగ్ షాపులో పనిచేసే అమ్మాయి ఎవరో ఎంపికైందట. సైకిల్ పని కూడా వచ్చట. ఇంటర్వ్యూలో చాలా సంబరపడ్డారని చెప్పుకుంటున్నారు."

చువ్వ లోపలికి వెళ్లింది. టైరు కొలతలు రాసుకునే చీటీ మీద ఒక వాక్యం రాసి, చుట్టచుట్టి, లారీలో ఉన్న పనిముట్ల పెట్టె పిడికి కట్టింది. డబ్బాలోంచి తీసిన ఎర్రదారంతో మూడు చుట్లు, ఒక ముడి. ఆ చీటీలో ఇలా ఉంది: "ఏ రోజు ముద్ర ఆ రోజు వేయించుకున్నాకే ఈ పెట్టె తెరువు."

ఆ చీటీ ఆ అమ్మాయికి చేరుతుందో, దారిలో ఎవరైనా చించేస్తారో తెలియదు. ఒక దారం ముక్క ఎంతని మోస్తుంది?

అందుకని ఇది చదువుతున్న మీకో మనవి. ఆ యాత్రలో చువ్వతో పాటు సైకిలు తొక్కిన ఇరవై ముగ్గురిలో ఇరవై మంది ఇంకా నోరు విప్పలేదు. వాళ్లలో మీ బిడ్డ ఉండొచ్చు, మీ తమ్ముడు ఉండొచ్చు, మీరే ఉండొచ్చు. మీరు కొండ దిగేటప్పుడు పనిచేసిన బ్రేకు ఎవరు బిగించారో మీకు తెలుసు. మీ సంచులు ఎవరి కుర్చీ మీద పెట్టారో కూడా తెలుసు. "ఆమె పెరట్లో ఉంది, మేం లోపల ఉన్నాం, ఆమెని పిలిచింది యాత్ర నడిపినవాళ్లే" అని ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి కమిటీకి పంపండి. ఇంకా తొమ్మిది ఉత్తరాలు కావాలి. ఆమెకి పొడిగించిన సీటు గడువు వచ్చే నెలాఖరున ముగుస్తుంది.

యాత్రకి వెళ్లనివాళ్లూ ఊరుకోవద్దు. ఆ రెండు చేతుల పోస్టరు మీ వీధిలోనూ కనబడుతుంది. విరాళం ఇచ్చే ముందు, కింద ఉన్న నంబరుకి ఫోన్ చేసి, ఈ చేతుల మనిషి పేరేంటి, ఆమె కుర్చీ ఎక్కడ అని అడగండి. లైను కట్ చేస్తే మళ్లీ చెయ్యండి. వెల్డింగ్ షాపు అమ్మాయి బయల్దేరడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.